పిక్చర్ ట్యూబు ముందు ఆడిన ఆటలు

2002, 2003 ప్రాంతాల్లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి కొత్త సిస్టమ్ కొంటామంటే, మానిటర్ విషయంలో కౌంటర్ వెనకాయన అడిగే ప్రశ్న ఒక్కటే. "పదిహేనా, పదిహేడా?" రెజల్యూషన్ ఎంత అని ఆయన అడిగేవాడు కాదు, మనమూ అడిగేవాళ్లం కాదు. ప్రాసెసర్, ర్యామ్, హార్డ్ డిస్కుల మీద మాత్రం గంటసేపు బేరం నడిచేది. కొటేషన్ కాగితంలో మానిటర్‌ది చివరి వరుస.

ఆ పదిహేను కూడా అసలు పదిహేను కాదు. గాజు ట్యూబు మొత్తం కొలత అది. అంచులు ప్లాస్టిక్ చట్రం కిందికి పోగా కంటికి కనబడేది పదమూడు ముప్పావు అంగుళాలు. పదిహేడంటే పదహారు. ఇది తెలిసీ ఎవరూ గొడవపడేవారు కాదు, టీవీల నాటి నుంచీ అలవాటైన లెక్కే కదా. ఇంటికి ఆటోలో తెచ్చుకునేటప్పుడు పెట్టెను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా వాటేసుకోవాలి. స్పీడ్ బ్రేకర్ వస్తే మన నడుముకంటే దాని మీదే ప్రాణం.

రెజల్యూషన్ అన్నది కొనేటప్పటి సంగతి కాదు, ఆడేటప్పటి సంగతి. వైస్ సిటీ ఆట పెడితే బోర్డు మీదున్న గ్రాఫిక్స్ ఈడ్చలేక మొరాయించేది. వీడియో ఆప్షన్స్‌లోకి వెళ్లి 1024×768 నుంచి 800×600కు దిగేవాళ్లం, అదీ లాగకపోతే 640×480కు. బొమ్మ కాస్త మొద్దుబారేదే గానీ మసకబారేది కాదు. ట్యూబుకు తనదంటూ కచ్చితమైన చుక్కల లెక్క లేదు. ఎన్ని గీతలు గీయమంటే అన్ని గీతలు, తెర నిండా సర్ది గీసేది. ఆ సుఖం ఎంతటిదో అది పోయాకే తెలిసింది.

అయితే ట్యూబుకూ ఒక హద్దుంది. లోపలి ఎలక్ట్రాన్ పుంజం మగ్గం మీది నాడెలా అటూ ఇటూ పరుగెడుతూ తెరను నేస్తుంది. సెకనుకు ఇన్ని గీతలని దానికో పరిమితి. ఒక్కో బొమ్మకు తక్కువ గీతలు చాలనుకుంటే సెకనుకు ఎక్కువ బొమ్మలు వస్తాయి. మామూలు పదిహేనంగుళాల మానిటర్ 800×600 దగ్గర 85 హెర్ట్జ్ ఇచ్చేది. 1024×768 అడిగితే 60కి పడిపోయి, ట్యూబ్‌లైటు వెలుగులో తెర అదురుతూ కణతలు లాగేవి. అదే 1024×768ను పదిహేడంగుళాలది 85 దగ్గర నిలకడగా చూపించేది. పదిహేడుకు పెట్టే అదనపు డబ్బు పెద్ద బొమ్మ కోసమే అనుకునేవాళ్లు చాలామంది. నిజానికి అది కళ్ల కోసం పెట్టిన ఖర్చు.

ఈ సంగతి ఇళ్లలోకంటే ముందు నెట్ కేఫ్ పిల్లలకు తెలుసు. షట్టరు సగం దించి రాత్రిళ్లు లాన్ మీద కౌంటర్ స్ట్రైక్ ఆడించే కేఫ్‌లు అప్పట్లో అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో ఉండేవి. "అన్నా, ఆ మూల సిస్టమ్ ఇయ్యవా?" అని బతిమాలేది దాని సీపీయూ కోసం కాదు, దాని పదిహేడంగుళాల మానిటర్ కోసం. ఆరితేరినవాళ్లు కావాలనే 800×600కో 640×480కో దించి హెర్ట్జ్ వందకు పైకి తోసేవాళ్లు. డస్ట్2 మ్యాప్‌లో తలుపు సందులోంచి దాటిపోయేవాడు అప్పుడు చెదరకుండా, కత్తిరించినట్టు కనబడతాడు. విండోస్ ఎక్స్‌పీకి ఒక జబ్బుండేది. డెస్క్‌టాప్‌కు ఎంత పెట్టుకున్నా ఆట తెరవగానే 60 హెర్ట్జ్‌కు జారిపోయేది. దాన్ని కట్టడి చేసే చిన్న ప్రోగ్రామ్‌ను ఫ్లాపీలో వేసుకుని తిరిగేవాళ్లుండేవారు. మరీ ఆశకుపోయి ఎక్కువ పెడితే తెర నల్లబడి ఊరుకునేది. పదిహేను సెకన్లు ఊపిరి బిగబట్టి కూర్చుంటే పాత అమరిక తిరిగొచ్చేది.

ఇంకా కొన్ని చిల్లర జ్ఞాపకాలు. తెర మూలలో రంగు తేలితే డీగాస్ బటన్ నొక్కాలి. "డొంగ్"మని మోగి బొమ్మంతా ఒక్కసారి వణికి సర్దుకునేది. అవసరం లేకపోయినా నొక్కని పిల్లవాడు ఉంటాడా? ఆపగానే తెర దగ్గర చెయ్యి పెడితే వెంట్రుకలు లేచేవి. కొత్త రెజల్యూషన్‌కు మారినప్పుడల్లా బొమ్మ పక్కకు జరిగేది, నడుము దగ్గర లోపలికి వంగేది. మెనూలోకి వెళ్లి నాలుగు మూలలూ సరిచేసుకోవడం ఒక పని. పెళ్లి శుభలేఖలు కొట్టే డీటీపీ సెంటర్లలో, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లు నడిచే చోట, అప్పుడప్పుడూ సోనీ ట్రినిట్రాన్ కనబడేది. తెల్లటి పేజీ మీద అడ్డంగా వెంట్రుక మందాన రెండు నీడగీతలు ఉండేవి. పగులు కాదు. లోపలి సన్నని తీగల జల్లెడ అదరకుండా బిగించిన తీగల నీడలవి. అంతకు మించిన బొమ్మను ఆ రోజుల్లో నేను చూడలేదు.

తర్వాత పలక మానిటర్లు వచ్చాయి. బల్ల మీద జాగా మిగిలింది, కరెంటు బిల్లు తగ్గింది, తెర అదురు పోయింది. కాదనను. కానీ పదిహేడంగుళాల ఎల్‌సీడీలో 1280×1024 చుక్కలు ఫ్యాక్టరీలోనే పాతుకుని ఉంటాయి. అంటే పదమూడు లక్షల చుక్కలు. 800×600 గీసుకునే పాత గ్రాఫిక్స్ కార్డు వేసేది నాలుగు లక్షల ఎనభై వేలే. పాత అలవాటుగా రెజల్యూషన్ తగ్గిస్తే ఉన్న చుక్కల మీద లేని లెక్క సరిపోక బొమ్మ అలికినట్టయ్యేది. పైగా కదిలే బొమ్మ వెనక నీడ లాగేది. కేఫ్‌లో గట్టిగా ఆడేవాళ్లు చాలాకాలం పాత ట్యూబులను వదల్లేదంటే మొండితనం కాదు. రెజల్యూషన్ దించుకునే ఆ కాలపు అలవాటు ఇంకా చావలేదు కూడా. ఈనాటి కౌంటర్ స్ట్రైక్ పోటీల్లో చాలామంది వెడల్పు తెర మీద 1280×960 పెట్టి, సాగదీసిన బొమ్మతోనే ఆడతారు.

మొన్న మా అక్క కొడుకు అడిగాడు. "మావయ్యా, 27 అంగుళాలది 1080 రెజల్యూషన్‌లో చవగ్గా వస్తోంది, తీసుకోనా?" పాత ట్యూబు అయితే ఫర్వాలేదు తీసుకో, తర్వాత చూసుకుందాం అనేవాణ్ని. ఇప్పుడు తర్వాత చూసుకునేదేమీ లేదు. తెర కొన్న రోజే రెజల్యూషన్ కూడా కొన్నట్టు. 1920×1080 అంటే ఇరవై లక్షల పైచిలుకు చుక్కలు. 24 అంగుళాల తెర మీద అంగుళానికి 92 పడతాయి, ముచ్చటగా ఉంటుంది. 27 మీద పరిస్తే 82కు వస్తాయి. నా పదిహేడంగుళాల ట్యూబులో 1024×768 పెట్టినప్పుడు దాదాపు అంతే ఉండేవి. కాకపోతే అక్కడ చుక్కల అంచులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి, ఇక్కడ గళ్లుగళ్లుగా కనబడతాయి. 27కు 2560×1440 సరైన జోడీ. 4కే అంటే 83 లక్షల చుక్కలు, 1080కి సరిగ్గా నాలుగింతలు. వాటన్నింటినీ సెకనుకు వందసార్లు గీయగల కార్డు కొనాలంటే మానిటర్‌కంటే దానికే ఎక్కువవుతుంది.

కాబట్టి ముందు నీ గ్రాఫిక్స్ కార్డు ఏమిటో చూసుకో అన్నాను. అది ఓ మోస్తరుదైతే 24 అంగుళాల 1080 తీసుకుని, మిగిలిన డబ్బు హెర్ట్జ్ మీద పెట్టు. గట్టిదైతే 27లో 1440. 27 అంగుళాల 1080 మాత్రం ఎంత చవగ్గా ఇచ్చినా కొనొద్దు.