చిర్ర, చిటికెన పుల్ల

మా నాయన డప్పు కొట్టేవాడు. నేను కీబోర్డు వాయిస్తాను. ఈ రెండు మాటలూ పక్కపక్కన రాయడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

మాది కొత్తపట్నం మాదిగపల్లె. చర్చిలో హార్మోనియం నేర్చుకుని, ఒంగోల్లో ఒక ఆర్కెస్ట్రాలో చేరాను. ఒకసారి మిరపకాయల మీద బాగా సంపాయించిన ఆసామి ఇంట్లో పెళ్లి. స్టేజి మీద మేము. ఊరేగింపు ముందు డప్పులు, అందులో మా నాయన. మాకు బల్లల మీద భోజనాలు. వాళ్లకు గొడ్లసావిడి వెనక విస్తళ్లు. నాయన నన్ను చూసి నవ్వాడు. "ఎవరాయన?" అన్నాడు మా గిటారిస్టు. "మా ఊరాయన" అన్నాను. పేతురు గుర్తొచ్చాడు. ఆ రాత్రి ముద్ద దిగలేదు.

కొన్నాళ్లకు మా బ్యాండులో పాట లేని ముక్క ఒకటి పెట్టారు. సోలో నాది. కీబోర్డులో క్లావినెట్ స్వరం, కాలికింద గిటారిస్టు ఇచ్చిన వా పెడలు. బిల్లీ ప్రెస్టన్ 1971లో వాయించిన 'ఔటా స్పేస్' కేసెట్టు వినిపించారు. క్లావినెట్‌ను వా పెడలు గుండా పలికించిన ముక్క అది. ఆయన నల్లజాతివాడు, చిన్నతనంలోనే చర్చిలో ఆర్గన్ పట్టినవాడు. ఆ సంగతి నాకు ధైర్యమిచ్చింది గానీ, సోలో మాత్రం రాలేదు. ఎంత గబగబా వేళ్లు ఉరికించినా సినిమాపాట మధ్యలో బిట్టులాగే ఉంది.

ఇంట్లో సాధన చేస్తుంటే నాయన విన్నాడు. మంట దగ్గర డప్పు కాస్తూ అన్నాడు: "ఊరికే గలగలలాడతావేందిరా అబ్బయా! చిర్ర మాట చెప్పాల, చిటికెన పుల్ల ఊ కొట్టాల. మధ్యలో సందియ్యి. జనం అడుగేసేది ఆ సందులోనే."

అసలు క్లావినెట్‌లో మీట నొక్కితే, కిందున్న రబ్బరు ముక్క తీగను కొడుతుంది. మీట వదిలితే తీగ నోరు మూస్తుంది. అంటే అదీ దెబ్బ వాయిద్యమే! కుడిచేతికి చిర్ర పని ఇచ్చాను, ఎడమచేతికి చిటికెన పుల్ల పని. పెడలు మీద మడమ నొక్కితే స్వరం గొంతులో మూలుగుతుంది, మునివేళ్లు నొక్కితే నోరు తెరుస్తుంది. చెమ్మకు మెత్తబడ్డ డప్పు మంటకు కాగి గొంతు విప్పినట్టు. నాలుగే స్వరాలు. మిగతాదంతా సందు.

1994 జులై 7న మా జిల్లాలోని ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. దాచుకున్న కులం పేరును మావాళ్లు తమ పేర్ల చివర పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఊరి చాటింపు వేసిన డప్పు మా హక్కు అడిగింది.

ఆ తర్వాత ఒక ప్రోగ్రాంలో ఆ సోలో వాయించాను. జనం లేచి అడుగులేశారు. "ఈ పట్టు ఏ కేసెట్టులోదయ్యా?" అన్నాడు గిటారిస్టు.

"కేసెట్టు కాదు. ఆ పెళ్లిలో డప్పు కొట్టినాయన చూడు, ఆయన మా నాయన" అన్నాను.

అతను ఏమీ అనలేదు. తర్వాత నుంచి ఆసాముల పెళ్లిళ్లకు నాకు పిలుపులు తగ్గాయి. నా కీబోర్డు మీద చప్పట్లు కొట్టించిన ఆ దెబ్బే, తోలు మీద పడితే గొడ్లసావిడి వెనక్కి పొమ్మన్నారు. దెబ్బలో తేడా ఎక్కడుంది?

నాయన పోయాడు. ఆయన డప్పును ప్రతి ప్రోగ్రాంకీ తీసుకెళతాను, స్టేజి మీద కీబోర్డు పక్కనే పెడతాను. ఎవరిదని అడిగితే, ఇప్పుడు వెంటనే చెబుతాను.