బాధ లేని జబ్బు

"నాకేం బాధ లేదండీ, అందుకే మాత్రలు మానేశాను." ఓ.పి.లో రోజూ వినే మాట ఇది.

వాళ్లను కోప్పడే అర్హత నాకూ లేదు. యాభై దాటేదాకా నా రక్తపుపోటు నేను చూసుకున్న పాపాన పోలేదు. ఒకనాడు కొత్త యంత్రం సరిగా పనిచేస్తున్నదో లేదో చూద్దామని మా సిస్టరు నా చేతికే పట్టీ చుట్టింది. 170/104! తలనొప్పి లేదు, కళ్లు తిరగలేదు. యంత్రానిదే తప్పన్నాను. మరో రెండు రోజులు వేరే యంత్రంతో చూసినా అంతే.

ఈ జబ్బు చాలామందిలో పైకి ఏ బాధా చూపదు. లోలోపల గుండెను, మూత్రపిండాలను, మెదడులోని రక్తనాళాలను పాడుచేస్తుంది. అందుకే ముప్ఫైల్లో ఉన్నవారు అప్పుడప్పుడూ, నలభై దాటినవారు ఏడాదికొకసారి తప్పకుండా చూపించుకోవాలి. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90కి తగ్గకుంటే వైద్యుని సలహా తీసుకోవాలి. మాత్ర మొదలుపెట్టాక అంకెలు బాగున్నాయని సొంతంగా మానరాదు. అవి బాగున్నది మాత్ర వల్లనే!

ఉప్పు రోజుకు 5 గ్రాములు, సుమారు ఒక చిన్న చెంచాడు, మించరాదు. మన ఇళ్లలో పప్పు, కూరలతోనే అది అయిపోతుంది. ఆపైన ఆవకాయ, అప్పడం, మజ్జిగలో చిటికెడు! మా ఇంట్లో ఊరగాయ జాడీ ఇప్పుడు ఆదివారం నాడే కిందికి దిగుతుంది. మా అమ్మకు ఇది బొత్తిగా నచ్చలేదు.

ఉదయం మాత్ర వేసుకున్నారా అని ఆ సిస్టరే నన్ను రోజూ అడుగుతున్నది.