జూన్‌లో చేరిన పిల్లలు డిసెంబరులో ఎక్కడున్నారు?

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం, తీరిక చేసుకొని చదవండి. మేము చదివింది తమిళ మీడియం, తెలుగు అక్షరాలు పెద్దయ్యాక కూడబలుక్కొని నేర్చుకున్నవి. అందుకని మాటలు మన తిరుచ్చి తెలుగులోనే ఉంటాయి.

సంగతి మన హాల్లో సాయంత్రం జరిగే పిల్లల యోగా క్లాసు గురించి. 2015 నుంచి జూన్ 21న యోగా దినం జరుపుతున్నారు కదా, ప్రతి ఏడూ ఆ వారం మన హాల్లో కాలు పెట్టడానికి చోటుండదు. చేర్పించడం గొప్ప కాదు. అరయాండు పరీక్షలు వచ్చేసరికి ఎంతమంది నిలుస్తారు, అదీ లెక్క. రైల్వేలో మా ఉద్యోగమంతా మస్టర్ రోల్ ముందేసుకొనే గడిచింది. మనిషి ఎందుకు రాలేదో అడక్కముందే, ఏయే రోజులు రాలేదో చూస్తే సగం కారణం తెలిసిపోతుంది. అదే అలవాటుతో మూడేళ్ళ హాజరు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూశాం.

పిల్లలకు విసుగు పుట్టి మానేస్తున్నారని కమిటీలో కొందరంటారు. పుస్తకం అలా చెప్పడం లేదు. విసుగే అయితే ఒక్కొక్కరుగా, ఎప్పుడంటే అప్పుడు రాలిపోవాలి. మన దగ్గర గుంపులుగా మానేస్తున్నారు. ఐప్పసి వానలు పట్టి, పెందలాడే చీకటి పడే వారం ఒక గుంపు. తొమ్మిదో క్లాసుకు పోగానే ఒక గుంపు, ఎందుకంటే ఆ పిల్లల బడిలో సాయంత్రం స్పెషల్ క్లాసు పెట్టేస్తారు. ఆ అక్క చెయ్యి పట్టుకొని వచ్చే తమ్ముడు మరుసటి రోజు నుంచే కనబడడు. పుస్తకంలో రెండు పేర్లు కొట్టేసుంటాయి, నిజానికి మానాల్సి వచ్చింది ఒక్కరే.

ఇంకొకటి ఆకలి. మధ్యాహ్నం డబ్బా తిన్న పిల్లలు అయిదింటికి నీరసంగా ఉంటారు. ఇంటికి పోయి టిఫిన్ తిన్నారా, మళ్ళీ రారు. ఒకవేళ వచ్చినా కడుపు నిండా తిని పాదహస్తాసనానికి వంగితే తిన్నది పైకొస్తుంది. అందుకని బడి నుంచి నేరుగా రమ్మన్నాం. రాగానే ఒక చిన్న అరటిపండు, అయ్యాక సుండల్. ముందురోజు రాత్రే శనగలు నానబెట్టేది మా ఇంటావిడ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు. శవాసనంలో కళ్ళు మూసుకున్న పిల్లల ముక్కులన్నీ పోపు వాసన వైపే ఉంటాయి, ఆ సంగతి మాకు తెలియకపోలేదు. ఉండనీ.

పెద్దమనిషి అయిన ఆడపిల్లల విషయం ఎవరూ నోరు తెరిచి చెప్పరు. వేడుక అయిపోతుంది, పిల్ల రావడం ఆగిపోతుంది, అంతే. కారణం చూస్తే హాలు కిటికీ. బయట క్రికెట్ ఆడే పిల్లకాయలు అక్కడే నిలబడతారు. పరదాలు కుట్టించాం, ఆడపిల్లలను విడిగా పెట్టాం, నేర్పే అమ్మాయి ఎలాగూ ఉంది. ఇద్దరు తిరిగొచ్చారు. ఒకమ్మాయి వాళ్ళ అవ్వ కాపలాకని వచ్చి, వెనక కుర్చీలో కూర్చొని తానూ చేతులు ఎత్తీ దించీ చేస్తోంది.

డబ్బు కట్టించుకుంటే విలువ తెలుస్తుందని మన కోశాధికారి గారి వాదన. మాకది ఒప్పుదల లేదు. ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ముందు ఆగిపోయేది ఆఖరి ఆడపిల్ల.

ఎందుకింత పట్టుదల, బడిలో పీటీ ఉందిగా అని ఒక తండ్రి అడిగారు. ఒక్క ఒళ్ళు వంగడం కోసమే అయితే మేమూ ఇంత పాకులాడం. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, నిజమే, రా, పో, తిను, పడుకో వరకు. అది దాటితే తమిళమే. మోకాలు వాళ్ళకు ముట్టి. మడమ కుదికాలు. మోచెయ్యి ముళంగై. ఊపిరి మూచ్చు. తొడ ఒక్కటి రెండు భాషల్లోనూ తొడే కాబట్టి బతికిపోయింది. తమిళం మీద మాకు కోపం లేదు, మాకు అన్నం పెట్టిన భాష అది. కానీ రెండూ ఉన్నచోట ఒకటి ఊరికే జారిపోతుంటే చూస్తూ కూర్చోలేం.

ఆదివారం అక్షరాల క్లాసు పెట్టి చూశాం. పిల్లలకు అది ఇంకో ట్యూషన్ అయింది. ఇక్కడ అలా కాదు. "మోకాళ్ళు వంచకుండా, మడమలు నేలకు ఆన్చి, ఊపిరి వదులుతూ వంగండి" అని ఆ అమ్మాయి అంటే, అర్థం కానివాడు పక్కవాణ్ణి చూసి వంగుతాడు. పదిరోజులకు చూడక్కర్లేదు. సూర్య నమస్కారానికి పన్నెండు మెట్లు, కాబట్టి పన్నెండు దాకా లెక్క తెలుగులో వచ్చేసింది. రెండేళ్ళు నిలిచిన పిల్లాడొకడు ఇంట్లో "అవ్వా, చీలమండ నొప్పా?" అన్నాడట. ఆ మాట తన తల్లి నోట విన్నదే గానీ మళ్ళీ వినలేదని ఆమె మాతో చెప్పింది. నాలుగు నెలలకే మానేసి మళ్ళీ జూన్‌లో కొత్తగా చేరే పిల్లకు ఇది రాదు. ప్రతి ఏడూ మొదటి నుంచి మొదలు.

అందువల్ల ఈసారి అరయాండు పరీక్షలప్పుడు క్లాసు ఆపడం లేదు, కురచ చేస్తున్నాం. వజ్రాసనం, ఊపిరి, శవాసనం, మొత్తం ఇరవై నిమిషాలు. సుండల్ తిని ఆరు గంటల ట్యూషన్‌కు హాయిగా పోవచ్చు. తొమ్మిదో క్లాసు పిల్లలు రాలేకపోతే పోనివ్వండి, వాళ్ళ తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ మాత్రం ఆపకండి. పొన్మలై వైపు నుంచి చిన్నపిల్లలు ఏడుగురున్నారు, తీసుకొచ్చే పెద్దవాళ్ళు ఒక్కరే. సోమ, బుధ, శుక్రవారాల్లో ఏదో ఒక రోజు ఆ ఏడుగురినీ వెంటబెట్టుకొని రాగలిగినవారు హాలుకొచ్చి పేరివ్వండి.