పట్టాలు చూశాను, టైమ్‌టేబుల్ చూడలేదు

2014లో గుండ్లపోచంపల్లి దగ్గర ఫ్లాటుకి అడ్వాన్సు ఇచ్చినప్పుడు, నా అంత ముందుచూపున్నవాడు లేడనుకున్నాను. ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ల రెండో దశ 2012-13లోనే మంజూరైంది. ఖర్చులో మూడింట రెండు వంతులు రాష్ట్రానిది, మిగతాది రైల్వేది. బొల్లారం నుంచి మేడ్చల్ దాకా 14 కిలోమీటర్లు రెండో లైను, పైన కరెంటు తీగలు. బిల్డర్ బ్రోషర్లో రైలు బొమ్మ, దాని కింద ‘స్టేషన్ ఐదు నిమిషాలు’. నడిచా, కారులోనా అని కూడా అడగలేదు.

పనులు మొదలయ్యాక ఆదివారాలు స్తంభాలు చూడ్డానికే వెళ్లేవాణ్ని. ఫొటోలు తీసి మామగారికి వాట్సాప్ చేసేవాణ్ని. నిధుల పేచీతో ఏళ్లు గడిచాయి. దానికి నేనేం బాధపడలేదు, సర్కారు పనికి రెండింతలు గడువు వేసుకోవడం మనకి అలవాటే. 2023 ఏప్రిల్ 8న ప్రధాని జెండా ఊపారు. ఆ సాయంత్రం మా ఆవిడ అడిగింది, “ఇంతకీ మీ ఆఫీసు టైముకి బండి ఉందా?”

అన్నేళ్లలో నాకు తట్టని ప్రశ్న అది. చూస్తే సర్వీసులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పైగా నా ఆఫీసు హైటెక్ సిటీలో. మేడ్చల్ లైను తిన్నగా సికింద్రాబాద్‌కి దిగుతుంది. అక్కణ్నుంచి మళ్లీ బేగంపేట, సనత్‌నగర్ మీదుగా పడమరకి పోవాలి.

రైల్వేలో పనిచేసే మా బావమరిది నవ్వాడు. “బావా, మెట్రోకి దాని లైను దానిదే. మీ బండి ఎక్స్‌ప్రెస్‌లూ గూడ్సులూ తిరిగే పట్టాల మీదే పోవాలి. రెండో లైను మీ ఒక్కరి కోసమే వేశారనుకున్నావా? నడపడానికి రైలు దొరికినా సికింద్రాబాద్‌లో ప్లాట్‌ఫాం ఖాళీ ఉండాలిగా!”

బ్రోషర్‌ని తిట్టి లాభం లేదు. 2003 ఆగస్టులో మొదటి దశ వచ్చినప్పుడు నేను బోరబండలో అద్దెకుండేవాణ్ని. ఒక లింగంపల్లి బండి పోతే కాసేపటికి ఇంకోటి వచ్చేది. ఎంఎంటీఎస్ అంటే ఎక్కడైనా అంతే అనుకుని, ఆ ధీమాతోనే ఇరవై ఏళ్ల ఈఎంఐకి సంతకం పెట్టాను. ఇప్పుడు రోజూ కారులో అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కి, టోలు కట్టి ఆఫీసుకి పోతున్నాను.

మొన్న మా మేనల్లుడు ఘట్‌కేసర్ వైపు ఫ్లాటు చూశానని ఫోన్ చేశాడు. “2024 మార్చిలో మౌలాలి-సనత్‌నగర్ మీదుగా లింగంపల్లికి బండి వేశారు మామయ్యా, సికింద్రాబాద్ వెళ్లే పనే లేదు” అన్నాడు. నిజమే, మ్యాపులో చూస్తే మా లైను కన్నా అదే నయం. పొద్దున ఆఫీసు వేళకి ఆ స్టేషన్లో బండెక్కి, సాయంత్రం మళ్లీ బండిలోనే తిరిగొచ్చి, ఆ తర్వాత అడ్వాన్సు సంగతి మాట్లాడమన్నాను.

“సరే, ఆదివారం వెళ్లొస్తా.”

“ఆదివారం కాదురా, సోమవారం.”