బై నెంబర్లు

మా దిక్కున భూమి ముచ్చట వస్తే "బై" అన్న మాట రాకుండా పోదు. ఎల్లారెడ్డి దగ్గర మా పొలం సర్వే నెంబరు 45 అనుకోండి. (అసలు నెంబరు అచ్చు వేయిస్తే మా నాయిన ఊరుకోడు.) ముత్తాత నాడు అది ఒకటే ముక్క. ఆయన కొడుకులిద్దరూ పంచుకుంటే 45/అ, 45/ఆ అయినవి. మా తాత వంతుకు వచ్చిన 45/ఆ మళ్ళీ మూడు ముక్కలైంది. అందులో నడిమిది మాది, 45/ఆ/2.

కామారెడ్డిలో డేటాబేసు క్లాసులో మా సారు, ఫోల్డర్ల దారిని పట్టికలో ఎట్లా దాచాలో చెబుతూ, ఒక ఫోల్డరు ఏ ఫోల్డరులో ఉందో, అది మళ్ళీ దేనిలో ఉందో మొత్తం ఒకే గడిలో, నడుమ ఏటవాలు గీతలు పెట్టి బోర్డు మీద రాశారు. పక్కవాళ్ళకు అది కొత్త విద్యగా తోచింది గాని నాకు మాత్రం పహాణీ కనిపించింది. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ పోయింది, 2020లో ధరణి, 2025లో భూభారతి వచ్చినవి. ఆ గీత మాత్రం పోలేదు.

అసలు సంగతి అడగడంలో ఉంది. 45 కింది ముక్కలన్నీ కావాలంటే "లైక్" అనే మాట వాడి '45%' అని రాయవచ్చు. శాతం గుర్తుకు 'తర్వాత ఏముంటే అది' అని అర్థం. కాని అప్పుడు 450, 451 కూడా లేచి వస్తయి. అవి చెరువు అవతలి వాళ్ళవి! గీత చేర్చి '45/%' అంటేనే మన గట్టు లోపలివి వస్తయి. ఆ గీత అక్షరాలా పొలం ఒడ్డే, చెరిగితే తగువే. పైకి పోవడం ఇంకా తేలిక: 45/ఆ/2 చివరి గీత దగ్గర తెంపితే తాత, ఇంకో గీత దగ్గర తెంపితే ముత్తాత. మొదలు తెలిసినప్పుడు ఇండెక్సు నిఘంటువులా సూటిగా ఆ చోటికి పోతుంది. శాతం గుర్తు ముందే పెట్టి '%/2' అని అడిగితే ఊరూరా తిరిగినట్లు ప్రతి వరుసా చదవాల్సిందే.

ఈ పద్ధతికి ఒక జబ్బుంది. తల మారితే ఒళ్ళంతా మార్చాలి. దారి జిల్లా పేరుతో మొదలైందనుకోండి: నిజామాబాద్/ఎల్లారెడ్డి/మా ఊరు/45/ఆ/2. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడింది. ఎవరి గెట్టూ జానెడు జరగలేదు, అయినా ప్రతి వరుసలోనూ మొదటి మాట తిరగరాయాలి. అదే ఒక్కొక్కరు తమ పైవాడి పేరు మాత్రమే రాసుకుంటే, ఎల్లారెడ్డి వరుస ఒక్కటి దిద్దితే సరిపోయేది. కాని అప్పుడు వంశమంతా అడగాలంటే మెట్టు మెట్టూ ఎక్కాలి. ఏదో ఒక చోట కష్టం తప్పదు.

పరీక్షకు తయారవుతూ మా నెంబర్లనే పట్టికగా పోసి '45/ఆ/%' అని అడిగాను. మూడు వరుసలు వచ్చినవి: పెద్దనాయిన, నాయిన, చిన్నాయిన. జవాబు తప్పు కాదు. కాని మా తాతకు ముగ్గురు కొడుకులే కాదు, ఒక బిడ్డ కూడా ఉంది. లింగంపేట దిక్కు ఇచ్చిన మా మేనత్త. నేను మూడో తరగతిలో ఉండగా పంపకం జరిగినప్పుడు ఆమె వచ్చి, అందరికీ వండిపెట్టి, చీర తీసుకొని పోయింది. హిందూ వారసత్వ చట్టాన్ని 2005లో సవరించి ఉమ్మడి ఆస్తిలో బిడ్డకూ కొడుకుతో సమాన హక్కు ఇచ్చినారు. అప్పటికి ఆ చట్టం ఉన్నదే. అయినా ఆమెకు గీత పడలేదు. వరుస లేనిదాన్ని ఏ "లైకూ" తేలేదు.

ఆ మూడు వరుసల కాగితం నాయినకు చూపించి, నాలుగోది ఎక్కడని అడిగాను. చాలాసేపు చూసి "పరీక్షలెప్పుడు?" అన్నాడు. కాగితం మాత్రం తిరిగి ఇయ్యలేదు, మడిచి పాసుబుక్కులో పెట్టుకున్నాడు. ఉగాదికి మేనత్త వస్తున్నది.