జ్వరం దాచొద్దు

ఆగస్టు 4, సోమవారం
చిక్కడపల్లి లైబ్రరీలో కాలు పెట్టే చోటు లేదు. ముసురుకి కిటికీలు మూసేశారు. ఎటు చూసినా దగ్గులే. ఒళ్లు వెచ్చబడినా ఎవరూ గదిలో ఉండరు, డోలో మింగి వచ్చి కూర్చుంటారు. గ్రూప్స్‌కి చదివేవాళ్లకి ఒక్కరోజు పోతే వెనకబడతామన్న భయం.

ఆగస్టు 5, మంగళవారం
హాస్టల్లో నా గదిలో ఉండే చెల్లె ముసుగుతన్ని పడుకుంది. నారాయణగూడలో డిగ్రీ చదువుతోంది. పొద్దున బాగానే వెళ్లింది. మధ్యాహ్నానికల్లా చలి, ఒళ్లునొప్పులు, గొంతు మంట, పొడి దగ్గు. థర్మామీటర్ పెడితే 102 దాటింది. జలుబైతే ముక్కుతో మొదలై మెల్లగా ముదురుతుంది. ఫ్లూ గంటల్లో మనిషిని మంచాన పడేస్తుంది.
"రేపు ఇంటర్నల్ ఉందక్కా. ఎవ్వరికీ చెప్పకు, గోలీ ఏసుకొని పోతా."
"నువ్వు పోతే నీ బెంచీ మొత్తానికి అంటుతది. రేపు దవాఖానకు పోదాం."

ఆగస్టు 6, బుధవారం
మాస్కులు పెట్టుకుని నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి వెళ్లాం. డెంగీ కాలం కూడా కాబట్టి డాక్టరమ్మ రక్తపరీక్ష రాశారు. అది తేలేదాకా పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు ముట్టొద్దన్నారు. ఫ్లూ వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. చెల్లెకు ఆస్తమా ఉంది కనుక ఒసెల్టమివిర్ ఇచ్చారు. 48 గంటల్లోపు మొదలుపెడితేనే దానివల్ల ఎక్కువ మేలట. ఆయాసం, ఛాతీ నొప్పి, మగత, తగ్గిన జ్వరం తిరగబెట్టడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే రమ్మన్నారు.

ఆగస్టు 7, గురువారం
మా అంతస్తులో అందరికీ వాటర్ ఫిల్టర్ దగ్గర ఒకటే స్టీలు గ్లాసు, గొలుసుతో కట్టి ఉంటుంది. అంచున ఎవరెవరి పెదాలు తగిలాయో! హాస్టల్ ఆంటీకి చెప్పి తీయించాను. ఇక ఎవరి సీసా వాళ్లదే. పై అంతస్తులో ఖాళీగా ఉన్న చిన్న గది చెల్లెకి ఇచ్చారు. కిటికీ తెరిచే ఉంచాం. జావ గుమ్మం దగ్గర పెడుతున్నాం. లక్షణాలు బయటపడడానికి ఒకరోజు ముందే ఫ్లూ అంటుకోగలదు, అందుకే మిగతావాళ్లం కూడా సబ్బుతో చేతులు కడుక్కుంటున్నాం, మోచేతిలోకి దగ్గుతున్నాం.

ఆగస్టు 10, ఆదివారం
డెంగీ లేదని రిపోర్టు వచ్చింది. మాత్ర వేయకుండానే నిన్నటి నుంచి జ్వరం లేదు. ఇలా 24 గంటలు గడిచాకే మనుషుల్లోకి రావాలి. ఇంటర్నల్ మళ్లీ పెడతామని కాలేజీలో ఒప్పుకున్నారు. స్నేహితురాళ్లు నోట్స్ పంపారు.
2009 మేలో దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు తేలింది హైదరాబాద్‌లోనే. అప్పుడు ఊరంతా హడలిపోయింది. ఇప్పుడదే వైరస్ ఏటా వచ్చిపోయే ఫ్లూల్లో ఒకటి, అందుకే మనకు లెక్కలేకుండా పోయింది. వైరస్ మారుతుంటుంది కాబట్టి టీకా ఏటా వేయించుకోవాలి, పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది. చలికాలం రాకముందే మా అంతస్తు వాళ్లమంతా వేయించుకోవాలనుకున్నాం.
పరీక్ష పోతుందన్న భయమే పిల్లల చేత జ్వరాన్ని దాచిపెట్టిస్తోంది. ఆ భయం తీసేస్తే వాళ్లే ముందుగా చెబుతారు. జ్వరమొచ్చిన వాళ్లకి నోట్స్, భోజనం అందించే బాధ్యత వంతులవారీగా పంచుకుని, ఆ పేర్లు మెస్ గోడకి అంటించాం. ఈ వారం వంతు నాది.