గబ్బిలానికి మన మాట అర్థమవుతుందా?



మా వినుకొండకు ఆ పేరెలా వచ్చిందని ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు. సీతాపహరణ వార్తను శ్రీరాముడు ఇక్కడే జటాయువు నోట విన్నాడట. విన్న కొండ కనుక వినుకొండ. స్థలపురాణాన్ని చరిత్రగా నిరూపించే పని నాకు లేదు. కాని పక్షి చెప్పగా మనిషి విన్నాడన్న ఊహ మీద ఒక ఊరిపేరు నిలవడం నాకెప్పుడూ ముచ్చటే.

ఈ వినుకొండలోనే 1895లో జన్మించిన గుఱ్ఱం జాషువ 1941లో ‘గబ్బిలం’ వెలయించారు. అస్పృశ్యుడని వెలివేయబడిన కథానాయకుడు తన మొరను శివునికి విన్నవించమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. ఆ పాఠం చెబుతుండగా ఒకనాడు వెనుక బల్ల మీది పిల్లవాడు లేచి, “గబ్బిలానికి మన మాట అర్థమవుతుందా, మాస్టారూ?” అన్నాడు. “అది కవికల్పనరా, కూర్చో” అన్నాను. తరగతి నవ్వింది. వాడు మరెన్నడూ ప్రశ్న వేయలేదు.

ఉద్యోగ విరమణానంతరం ఆ ప్రశ్న నన్ను చదివించింది. భాషోత్పత్తిని గూర్చిన ఊహాగానాలకు విసిగి, 1866లో పారిస్ భాషాశాస్త్ర సంఘం ఆ చర్చనే నిషేధించిందట! తిర్యక్కులను గమనించినవారు మాత్రం ఊరుకోలేదు. తేనెటీగ తన నాట్యంతో పూలున్న దిక్కును, దూరాన్ని తెలుపుతుందని కనుగొన్న కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతి లభించింది. ఆఫ్రికాలోని వెర్వెట్ కోతులు చిరుతకు, గద్దకు, పాముకు వేర్వేరు హెచ్చరిక కూతలు కూస్తాయని వెల్లడైంది. గబ్బిలాల అరుపులలోనూ అరిచినదెవరో, తగవు తిండి కోసమో నిద్రించే చోటు కోసమో తెలిపే గుర్తులున్నాయని 2016లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు చూపారు.

మరి భేదమెక్కడ? తేనెటీగ దూరపు పూలను గూర్చి చెప్పగలదు గాని, నిన్న జరిగిన అన్యాయాన్ని చెప్పలేదు. కోతి “పాము” అని హెచ్చరించగలదు గాని, “పాము లేదు” అనలేదు. పరిమితమైన పదాలను కూర్చి అపరిమితమైన వాక్యాలు అల్లడం, కంటికి కనబడని కైలాసానికి సైతం విన్నపం పంపడం మనిషికే అబ్బిన విద్య. అయితే వినికిడి మాట కంటె ఎంతో పురాతనమైనది. భాష పుట్టకముందే ప్రాణులకు చెవులున్నాయి. ఆ పాత విద్యనే నేనానాడు మరచాను.

ఆ పిల్లవాడు ఇప్పుడెక్కడున్నాడో తెలియదు. కనబడితే ఇలా చెబుతాను: “లేదు నాయనా, గబ్బిలానికి మన మాట అర్థం కాదు. అర్థమయ్యే మనుషులు వినకపోబట్టే కవి దానిని పిలవవలసి వచ్చింది.”